రక్తం చూసిన బండి

తేడా మొదట నా ఒంట్లో రాలేదు. నా బండిలో వచ్చింది.

వానాకాలం. పొద్దున్నే ముమ్మిడివరం దాటి అమలాపురం వైపు వస్తున్నాను. హ్యాండిల్ మధ్యలో స్పీడూ చార్జింగూ చూపించే తెర ఒక్కసారిగా నల్లబడింది. దాంతోపాటు బండి కూడా ఊపిరి బిగబట్టినట్టు నిలిచిపోయి, మళ్ళీ కదిలింది. తెర మీద అంకెలు ఏమీ జరగనట్టు తిరిగొచ్చాయి. వెనకాల వస్తున్న ఆటో హారన్ కొట్టి, ఆ డ్రైవరు నన్నేదో అని వెళ్ళిపోయాడు.

నా పేరు సత్యవేణి. మాది మురమళ్ళ దగ్గర ఒక పల్లె. అమలాపురంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. పరగడుపున చేయించుకోవాల్సిన షుగరు, థైరాయిడ్ పరీక్షలకి ఇళ్ళకే వెళ్ళి రక్తం తీసి, ట్యూబులు ఐస్ బాక్సులో పెట్టుకుని ల్యాబ్‌కి చేర్చడం నా పని. ఆ తిరుగుడు కోసమే ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. కేసు నడుస్తోంది. ఇది చదివి నా మీద జాలిపడకండి. జాలి ఆస్పత్రి మంచం మీద నాకు కావలసినంత దొరికింది. మీకు కోపం రావాలనే రాస్తున్నాను.

తెర ఆరిపోయిన ఆ వారంలోనే ముందు బ్రేకు కూడా మెత్తబడింది. లివర్ నొక్కితే గట్టిగా పట్టేది కాస్తా, లోపలికి ఇంకొంచెం ఇంకొంచెం దిగుతోంది. షోరూమ్‌కి తీసుకెళ్ళాను. దాని యజమాని సూరిబాబు గారు మా పక్క ఊరివాడు, మా ఆయనకి చిన్నప్పటి పరిచయం. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యగారూ అంటాను.

"ఆయ్, రండి చెల్లెమ్మా. కూర్చోండి. ముందు కాఫీ తాగండి, బండెక్కడికి పోద్ది?"

"మీటరు ఆరిపోయి వస్తోందండీ అన్నయ్యగారూ. బ్రేకు కూడా మెత్తగా ఉంటోంది."

"ఈ వానలకి అందరియ్యీ అంతేనండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేత్తారు మనోళ్ళు. బ్రేకు కూడా చూసేత్తారు. మీరేం గాభరా పడకండి."

కాఫీ తాగాను. బండి బయటికి తెచ్చారు. "బ్రేకు చూసేరా అండీ?" అని అడిగాను. "ఆయ్, చూసేరండి" అన్నాడు సూరిబాబు గారు, నవ్వుతూ. నేనూ నవ్వి వచ్చేశాను.

బయటి ఊళ్ళవాళ్ళకి ఇది అర్థం కాకపోవచ్చు. మా కోనసీమలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చిన మనిషిని, నోరారా చెల్లెమ్మా అన్న మనిషిని పట్టుకుని 'నా కళ్ళ ముందు విప్పి చూపించు' అనడం చాలా పెద్ద మాట. అది మొహం మీద కొట్టినట్టు. అండీ లేకుండా మాట్లాడటం కన్నా పెద్ద తప్పు. ఈ సంగతి మాకెంత తెలుసో షోరూమ్ వాళ్ళకీ అంతే తెలుసు. మా మొహమాటం మీద వాళ్ళు వ్యాపారం చేసుకుంటున్నారు. ఇందులో నా తప్పు కూడా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోను. చూశామని చెప్పింది వాళ్ళు.

తర్వాత కొద్ది రోజులకే పడ్డాను. కాలవ వంతెన ఎక్కి దిగుతున్నాను. దిగువన స్కూలు పిల్లల ఆటో ఆగి ఉంది, ఒక పాప బ్యాగు తగిలించుకుని ఎక్కుతోంది. బ్రేకు మీద చెయ్యి వేశాను. అదే క్షణంలో తెర నల్లబడింది. వెనక బ్రేకు పట్టీ పట్టనట్టు జారింది. ముందు బ్రేకు లివర్ నేరుగా వచ్చి హ్యాండిల్‌కి తగిలింది. చేతిలో ఏమీ లేదు. ఆ ఖాళీ ఇప్పటికీ నా అరచేతికి గుర్తుంది. ఆటోని తప్పించాలని ఎడమవైపు తిప్పాను. అక్కడ కొబ్బరి డొక్కల కుప్ప ఉంది కాబట్టి తల దక్కింది. ఎడమ మోకాలు మాత్రం కుప్ప పక్కనున్న తూము గోడకీ బండికీ మధ్య పడింది.

నేను పూర్తిగా తెలివిలోనే ఉన్నాను. కాలు చూసుకున్నాను. మోకాలి కింద కాలు ఉండాల్సిన వైపుకి లేదు. చర్మం మాత్రం ఎక్కడా చిట్లలేదు. ఒక్క చుక్క రక్తం కారలేదు. కానీ ఐస్ బాక్సు పగిలి, ట్యూబులు నలిగి, మూతలు ఊడిపోయి, పొద్దున్నుంచి ఊరూరా తీసిన రక్తమంతా బండి మీదా రోడ్డు మీదా చిమ్మింది. చూసినవాళ్ళు కేకలు పెట్టారు.

"అయ్ బాబోయ్, రక్తం మడుగైపోయిందండీ!"

"అది నాది కాదండీ, శాంపిల్స్" అని చెప్పబోయాను. నా మాట ఎవరు వింటారు. అప్పటికే వాళ్ళు నా తప్పేమిటో తేల్చేసుకుంటున్నారు.

"బ్రేకనుకుని ఏక్సిలరేటర్ తిప్పేసేరండీ పాపం."

"ఆడోళ్ళు కంగారు పడిపోతారండి. ఈ కరెంటు బళ్ళు చప్పుడుండదు, స్పీడు తెలీదు."

కాలు విరిగి రోడ్డు మీద పడున్న మనిషి చెవిలో పడ్డ మొదటి మాటలు అవి.

అమలాపురంలో ఒక ఆస్పత్రికి తెచ్చారు. క్యాజువాలిటీలో ఎక్స్‌రే, తర్వాత సీటీ స్కాన్. ఆర్థో డాక్టరు గారు నెమ్మదైన మనిషి. ఫిల్ము లైటుకి పెట్టి చూపించారు. "టిబియల్ ప్లేటో ఫ్రాక్చరమ్మా. మోకాలి కింద పెద్ద ఎముక ఉంటుంది కదా, దాని పైభాగం ముక్కలైంది. మన బరువంతా మోసేది అదే. ప్లేటింగ్ చెయ్యాలి. కానీ ఇప్పుడే చెయ్యలేం, స్వెల్లింగ్ తగ్గాలి."

"మళ్ళీ నడుస్తానా సార్?"

"నడిపిద్దాం. ముందు ఆపరేషన్ కానివ్వండి."

డ్యూటీ డాక్టరు ఎలా పడ్డారని అడిగితే బ్రేకులు పట్టలేదని చెప్పాను. తెర ఆరిపోయిందని కూడా చెప్పాను. ఆ అబ్బాయి తలాడిస్తూ కేస్ షీట్‌లో 'స్కిడ్ అండ్ ఫాల్' అని రాశాడు. జారి పడిందట! ఎక్కడ జారాను? రోడ్డు పొడిగా ఉంది. ఏళ్ళ తరబడి కేస్ షీట్లు చదివేదాన్ని, తలకిందులుగా ఉన్నా చదవగలను. "బ్రేక్ ఫెయిల్యూర్ అని రాయండి" అన్నాను. "అవన్నీ మాకు సంబంధం లేదు మేడమ్" అన్నాడు. అతనికి సంబంధం లేని ఆ రెండు మాటలే ఈ రోజు వినియోగదారుల కమిషన్‌లో కంపెనీ లాయరు నా మొహాన ఊపుతున్నాడు.

వాపు తగ్గాక రెండు వైపులా ప్లేట్లు, స్క్రూలు వేశారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. "వెయిట్ బేరింగ్ వద్దు. నేను చెప్పేదాకా ఆ కాలు నేల మీద పెట్టకూడదు" అన్నారు డాక్టరు గారు. మా ఆయన శ్రీనుది రొయ్యల చెరువుల దగ్గర పని. మేత వేసే వేళలు చూసుకుని వస్తూ పోతూ ఉండేవాడు. పగలంతా నా దగ్గర మా అత్తగారే. బెడ్‌పాన్ దగ్గర్నుంచి తల దువ్వడం దాకా ఆవిడే చేశారు. ఆ రుణం నేను మర్చిపోను. అందుకే తర్వాత సంగతి రాయడానికి కష్టంగా ఉంది.

ఒక రోజు మా ఆయన వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "బండి ఇచ్చేసేను" అన్నాడు.

"ఎవరికి?"

"సూరిబాబు గారికే. ఆయనే మడిసిని పంపి తీసుకెళ్ళేరు. ఎందుకులే, ఇంట్లో ఉంటే నువ్వు చూసి బాధపడతావని."

అత్తగారు అందుకున్నారు. "నేనే ఇచ్చెయ్యమన్నానమ్మా. రక్తం కళ్ళజూసిన బండి గుమ్మంలో ఉంటే ఇంకోర్ని అడుగుద్ది. మా అన్నయ్యగారు ఇలాంటి బండే ఉంచుకున్నారు, ఏటైందో నీకు తెల్సు కదా."

మా వైపు ఇది అందరికీ ఉన్న పట్టింపే. మనిషి పడి రక్తం చూసిన బండిని బాగుచేయించుకుని నడపరు. అయినకాడికి వదిలించుకుంటారు. ఆ రక్తం నాది కాదు అత్తయ్యగారూ, అది షుగరు పరీక్ష రక్తం అని చెప్పినా ఆవిడ లెక్క ఆవిడదే. నాకూ అప్పుడు ఆ బండి మొహం చూడాలని లేదు. పోతే పోనీ అనుకున్నాను. సూరిబాబు గారు కూడా ఎంత మంచివాడు, కష్టంలో ఉన్నామని పిలవకుండానే వచ్చి సాయం చేశాడు అని మా ఇంట్లో అందరూ అనుకున్నారు. ఒక బత్తాయిల సంచి కూడా పంపించాడు. తిన్నాను ఆ బత్తాయిలు.

కుట్లు విప్పాక ఇంటికొచ్చాను. కొన్నాళ్ళకే గాయం చివర తడి కనిపించింది. ఊరికే నీరు అనుకున్నారు ఇంట్లో. నేననుకోలేదు. వాసన నాకు తెలుసు. అందులో ఏ క్రిములున్నాయో చూసే కల్చర్ పరీక్షకి పంపితే మా ల్యాబ్‌లోనే, నాతో పనిచేసే అమ్మాయే రిపోర్టు తీసి ఫోన్ చేసింది. పైకి చదవలేక ఏడ్చింది. ఇన్‌ఫెక్షన్. మళ్ళీ థియేటర్. "డిబ్రైడ్‌మెంట్ చేశాం, లోపలంతా శుభ్రం చేశాం. ప్లేట్ దాకా వెళ్ళలేదు, అది అదృష్టం" అన్నారు డాక్టరు గారు. చేతికి సూది, దాంట్లోంచి యాంటీబయాటిక్. జీవితమంతా ఇతరుల నరాలు వెతికినదాన్ని. నా నరాలు దొరక్క నర్సులు ఆపసోపాలు పడ్డారు.

ఆ రెండో ఆపరేషన్ ఆలస్యానికి మోకాలు బిగుసుకుపోయింది. కట్టెలా ఉండేది. ఫిజియోథెరపీకి రోజూ ఆటోలో అమలాపురం. థెరపిస్టు గ్రేసీ గారు గట్టి మనిషి. ఓదార్పులు ఉండవు. మోకాలు పట్టి వంచుతూ, "ఏడవండి, ఏం పర్లేదు. కానీ వంచండి. ఇప్పుడు వంచకపోతే ఇక ఎప్పటికీ వంగదు" అనేవారు. నేను పళ్ళు బిగించి పైకప్పు చూసేదాన్ని.

కాలు నొప్పి గురించి చాలామంది రాస్తారు. నాకు దానికన్నా పెద్ద నొప్పి ఇంకోటి ఉండేది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట. "బ్రేకు బదులు ఏక్సిలరేటర్ తిప్పేవంట కదమ్మా?" మా ఆయన పైకి అనలేదు గానీ, "ఇకనుంచి నువ్వు బస్సులో ఎల్దువులే" అన్నాడు. వినగా వినగా నాకూ అనుమానం పట్టుకుంది. నిజంగా కంగారులో తిప్పేశానా? లివర్ హ్యాండిల్‌కి తగలడం కలగన్నానా? నా చేతిని నేనే నమ్మడం మానేశాను. పిల్లల నరం కూడా ఒక్క పోటుకి దొరికించుకునే చెయ్యి అది.

రాజోలు నుంచి ఒక టీచరమ్మ గారు ఫిజియోథెరపీకి వచ్చేవారు. పేరు విమల. మణికట్టు విరిగింది, కట్టు అప్పుడే విప్పారు. పక్క బల్ల మీద కూర్చుని మెత్తటి బంతి నలుపుతూ ఉండేవారు. ఒక రోజు మాటల్లో, "స్కూటరు మీంచి పడ్డానండీ. కరెంటు బండి. మీటరు ఆరిపోయింది, బ్రేకు పట్టలేదు" అన్నారు.

నేను బల్ల మీద లేచి కూర్చున్నాను. మోకాలు వదలమని నేనంటే గ్రేసీ గారు వదల్లేదు, అది వేరే సంగతి.

"ఏ బండండీ?"

చెప్పారు. అదే బండి. అదే మోడలు.

"మరి షోరూమ్‌లో చూపించలేదా?"

"చూపించేనండీ. కంపెనీ నుంచి మెసేజ్ కూడా వచ్చింది కదా. రీకాల్ అని. తీసుకెళ్తే పార్టు రాలేదు, వచ్చేదాకా నెమ్మదిగా నడపండన్నారు. నెమ్మదిగానే నడిపేను. నెమ్మదిగానే పడ్డాను."

ఫోన్ తీసి చూపించారు. చిన్న అక్షరాల ఇంగ్లీషు. రెండుసార్లు చదివాను. హ్యాండిల్ కింద వైర్లు ఒరుసుకుని నడుస్తుండగా కరెంటు పోవచ్చు. పోతే వెనక బ్రేకుకి మోటారు ఇచ్చే బలం ఉండదు. ముందు బ్రేకు ఆయిల్ కారిపోవచ్చు. ఈ రెండూ సరిచేయడానికి బండిని వెనక్కి పిలుస్తున్నాం, దగ్గర్లోని షోరూమ్‌కి తీసుకురండి, ఉచితం. పైన మెసేజ్ వచ్చిన తేదీ ఉంది. నేను సూరిబాబు గారి కాఫీ తాగిన రోజుకన్నా ముందుది.

ఏడ్చాను. గ్రేసీ గారు కాలు నొప్పనుకుని ఆపారు. "నొప్పి కాదండీ. ఆగకండి, వంచండి" అన్నాను. నా చెయ్యి తప్పు చెయ్యలేదు. ఎన్ని నెలలు దాన్ని అనుమానించాను! ఆ నెలలు నాకు ఎవరు తిరిగిస్తారు?

ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. నా ఫోన్‌లో పాత ఆర్సీ ఫొటో ఉంది. దాని మీది ఛాసిస్ నంబరు చెప్పాను. "మీ వెహికల్ ఈ రీకాల్‌లో ఉంది మేడమ్. ఇంకా రిపేరు పూర్తవలేదు. మీ రిజిస్టర్డ్ నంబరుకి మెసేజ్ పంపించాం" అంది ఆ అమ్మాయి, తేనె పూసిన గొంతుతో.

"నాకేమీ రాలేదు. ఏ నంబరుకి పంపారు?"

చివరి అంకెలు చదివింది. నా నంబరు కాదు. మా ఆయనదీ కాదు. ఎక్కడో చూసినట్టుంది. బండి తాళాలతో పాటు ఇచ్చిన కీచైన్ మీద ఉంది ఆ నంబరు. షోరూమ్ సర్వీసు కౌంటర్‌ది. తర్వాత తెలిసింది, రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు ఓటీపీల కోసం మాటిమాటికీ కస్టమరుకి ఫోన్ చేయడం ఎందుకని, వాళ్ళ నంబరే కొట్టేశారు. నాకొక్కదానికే కాదు. ఎందరికో. కంపెనీ పంపిన హెచ్చరిక నేరుగా వెళ్ళి సూరిబాబు గారి బల్ల మీద కూర్చుంది. ఆ బల్ల ముందే నేను 'బ్రేకు మెత్తగా ఉందండీ' అన్నాను. ఆ బల్ల మీదే కాఫీ పెట్టాడు.

నా ఒళ్ళు ఎలా మండిందో చెప్పలేను. అయితే ఆ మంటలోనే ఇంకో మాట గుర్తొచ్చి చల్లబడిపోయాను. రిపేరు పూర్తవలేదు అంది ఆ అమ్మాయి. మరి నా బండి ఇప్పుడు ఎవరు నడుపుతున్నారు?

మర్నాడు వాకర్ పట్టుకుని షోరూమ్‌కి వెళ్ళాను. మా ఆయన వద్దన్నాడు. "మనోడే కదా, ఫోన్లో అడుగుదాం. గొడవెందుకు?" అన్నాడు. "నువ్వు బయట ఉండు, నేనే అడుగుతాను" అన్నాను.

"ఆయ్, చెల్లెమ్మా! లేచి తిరుగుతున్నారు, చాలా సంతోషం. కాఫీ..."

"వద్దు. నా బండి ఎవరికి అమ్మేరు?"

"కస్టమర్ డీటైల్సండి, చెప్పకూడదండి మరి."

"రీకాల్ ఉందని తెలుసా, తెలీదా?"

"తెల్సండి. పార్టులు రావట్లేదండి కంపెనీ నుంచి. మేవేం చేత్తాం? అందరికీ చెప్పి భయపెట్టేత్తే ఊళ్ళో బళ్ళు కదుల్తాయా అండీ? మీరు చదువుకున్నోళ్ళు, అర్థం చేసుకోవాలి."

"పార్టు వెయ్యకుండానే ఇంకోళ్ళకి అమ్మేశారు."

"పైన పానెల్సన్నీ కొత్తవి ఏసేమండి" అన్నాడు. నిజంగా ఆ మాటే అన్నాడు.

జీవితంలో మొదటిసారి ఒక పరాయి పెద్దమనిషితో అండీ లేకుండా, నువ్వంటూ మాట్లాడాను. "పేరు చెప్పు. చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాను." కూర్చున్నాను. కొత్త బళ్ళ వరసకి ఎదురుగా కుర్చీ వేసుకుని, బిగుసుకున్న కాలు ముందుకి చాపుకుని కూర్చున్నాను. భార్యాభర్తలు ఎవరో లోపలికి వచ్చారు. "బండి కొనడానికొచ్చేరా అండీ? బాగుంటాయండీ, చూడండి. బ్రేకులున్నాయో లేదో కూడా ఒకసారి అడగండి" అన్నాను. వాళ్ళు నా కాలు చూశారు, నన్ను చూశారు, వెళ్ళిపోయారు. తర్వాత ఇంకొకాయన వచ్చాడు. ఆయనకీ అదే చెప్పాను. సూరిబాబు గారు లోపలికీ బయటికీ తిరిగాడు. మా ఆయన్ని పిలిచి, "చెల్లెమ్మని తీసుకెల్లవయ్యా బాబూ" అన్నాడు. అంతసేపూ గుమ్మంలో నిలబడి విన్న మా ఆయన లోపలికొచ్చి నా పక్కన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ మనిషిని చేసుకున్నందుకు ఆ రోజు గర్వపడ్డాను. మధ్యాహ్నం కాకముందే పేరు, ఊరు చేతికొచ్చాయి.

ప్రభావతి. కొత్తపేట అవతల ఒక చిన్న ఊరు. అటునుంచటే ఆటో మాట్లాడుకుని వెళ్ళాం. వెళ్ళేసరికి ఇంటి ముందు నా బండి ఉంది. రంగు అదే, ముందు పానెల్ మాత్రం కొత్తగా నిగనిగలాడుతోంది. ముందు భాగంలో నిలబడటానికి వీలుగా చిన్న పిల్లల స్టూలు బిగించి ఉంది.

ప్రభావతి కొత్తపేటలో బట్టల షాపులో పనిచేస్తుంది. పాపని స్కూల్లో దింపి షాపుకి వెళ్తుంది, సాయంత్రం ఎక్కించుకుని వస్తుంది. ఆ రోజు ఆదివారం కాబట్టి అందరూ ఇంట్లోనే ఉన్నారు. మేమెవరమో చెప్పగానే కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. విషయం చెబితే మర్యాదగా విని, "ఆయ్, అలాగేనండి. చూపిత్తామండి" అంది. ఆ 'అలాగేనండి' నాకు తెలుసు. నేను ఎన్నిసార్లు అనలేదు! రేపు పొద్దున్న పాపని ఎక్కించుకుని వెళ్ళిపోయే 'అలాగేనండి' అది.

వాళ్ళాయన అరుగు మీద నిలబడి అంతా అనుమానంగా వింటున్నాడు. "అమ్మేసిన బండి మీద మీకేం పనండీ? తక్కువలో పోయిందని మనసు పీకుతోందా?" అన్నాడు.

మా ఆయనకి కోపం వచ్చి లేచాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ప్రభావతినే అడిగాను. "అమ్మా, ఒక్కటి చెప్పు. నడుపుతుంటే మీటరు ఎప్పుడైనా ఆరిపోయిందా?"

ఆ అమ్మాయి మొగుడి వైపు చూసింది. "అప్పుడప్పుడు ఆరిపోయి వత్తాదండి. వానలకి అంతేనంట కదండీ. షోరూమ్‌లో అన్నారు."

లోపల్నుంచి పాప వచ్చి తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. ఇక నేను ఆగలేదు. వాకర్ పట్టుకుని లేచి, పరాయి ఇంటి అరుగు ముందు, పరాయి మగవాడి ఎదురుగా, చీర మోకాలి పైదాకా ఎత్తాను. మా అత్తగారు ఉంటే ఏమైపోయేవారో. మోకాలికి అటూ ఇటూ రెండు గీతలు, ఇన్‌ఫెక్షన్ వచ్చిన చోట గుంట, కండ తగ్గి పుల్లలా అయిపోయిన పిక్క.

"నాకూ వానలకి అంతేనన్నారు. ఇదీ ఆ వాన. నేను పెద్దదాన్ని కాబట్టి మోకాలితో పోయింది. మీ పాప నిలబడే చోటు నా మోకాలి ముందే కదండీ" అన్నాను.

ఆ మనిషి తల తిప్పుకున్నాడు, సిగ్గుతో అనుకుంటాను. ప్రభావతి మాత్రం తిప్పుకోలేదు. కాలు అంతా చూసింది. లోపలికి వెళ్ళి తాళం చెవి తెచ్చి, మొగుడికి కాదు, నా చేతిలో పెట్టింది.

"మీ దగ్గిరే ఉంచండక్కా. ఇక్కడుంటే ఈయన తీసేత్తారు" అంది.

అప్పుడు ఆయన్నీ పిలిచి ముందు బ్రేకు దగ్గర వేలు పెట్టి చూడమన్నాను. వేలికి జిడ్డు అంటింది. ఆయిల్. ఆయన ఆ వేలు చొక్కాకి తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

ఆ తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను. ప్రభావతి, నేను, విమల గారు కలిసి కంపెనీకి రాశాం, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. రావట్లేదన్న పార్టులు, నోటీసు అందాక, ఎక్కడ్నించి ఊడిపడ్డాయో గానీ వచ్చేశాయి. ప్రభావతి బండికి వైరింగూ బ్రేకూ మార్చారు. మార్చేటప్పుడు ముగ్గురం పక్కనే నిలబడ్డాం. కాఫీ తెచ్చారు, ఎవరం తాగలేదు. సూరిబాబు గారు షోరూమ్ ఇప్పటికీ నడుపుతున్నాడు. ఎదురుపడితే ఇప్పటికీ చెల్లెమ్మా అనే అంటాడు. నేను పలకను. కంపెనీ లాయరు మాత్రం 'స్కిడ్ అండ్ ఫాల్' అనే పాటే పాడుతున్నాడు. పాడనివ్వండి. వాయిదాలకి నేను వెళ్తూనే ఉంటాను.

మోకాలు ఇప్పుడు లంబకోణం దాటి కొంచెం వంగుతుంది. "ఇంతవరకు రావడమే గొప్ప. ముందు ముందు ఆర్థరైటిస్ రావచ్చు, బరువు పెరగకండి" అన్నారు డాక్టరు గారు. కింద కూర్చోలేను. పీటల మీద కూర్చునే పూజలన్నీ కుర్చీలోనే. నిచ్చెన మెట్లలా ఒక్కొక్క మెట్టూ చూసుకుని దిగుతాను. ల్యాబ్‌లో మళ్ళీ చేరాను. ఇళ్ళకి వెళ్ళడం లేదు, కౌంటర్‌లో రక్తం తీస్తున్నాను. ఊరూరా తిరిగే ఆ పొద్దుటిపూటలు పోయాయి. ఆ పని నాకు ఇష్టం. అది నా నుంచి లాక్కున్నారు. కోపం తగ్గించుకోమని మా వాళ్ళందరూ చెబుతున్నారు, బీపీ వస్తుందట. రానివ్వండి, దానికి మాత్రలున్నాయి.

మీకు చెప్పేది ఒకటే. ఇది మూసేసి, మీ బండి ఆర్సీలో ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. అది మీది కాకపోతే వెంటనే మార్పించండి. పాత బండి కొన్నవాళ్ళు మరీ ముఖ్యంగా చూసుకోండి. షోరూమ్ ఆయన మీకెంత కావలసినవాడైనా సరే, ఆయన నంబరు మీ బండి మీద ఉండకూడదు.

మొన్న కౌంటర్‌లో ఉండగా ప్రభావతి ఫోన్ చేసింది. "అక్కా, కంపెనీ నుంచి మళ్ళీ మెసేజ్ వచ్చిందండీ. ఈసారి బ్యాటరీ దగ్గిర ఏదో అంట. నాకే వచ్చింది, నా ఫోన్‌కే."

"ఇప్పుడు ఎక్కడున్నావు?"

"కొత్తపేట బస్టాండులోనండి. బండి ఇంటికాడే పెట్టేసేను. పాప, నేను బస్సెక్కుతున్నాం" అంది.